క్లోరైడ్ 88 వచ్చింది, నాన్నకు ఉప్పు పెంచమంటున్నారు. పెంచవచ్చా?

మామిడాడ అమ్మాయి (ఆదివారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. అప్పటినుంచి గుండె పంపింగ్ 32 శాతం దగ్గరే ఉంది. నెల కిందట కాళ్ల వాపు, ఆయాసం ఎక్కువైతే ఒంట్లో నీరు తీసే టోర్సెమైడ్ మాత్రను రోజుకు 20 మిల్లీగ్రాముల నుంచి 40కి పెంచారు. వారంలో వాపు తీసేసింది. రాత్రి పడుకోగలుగుతున్నారని ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ పది రోజులుగా మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకుంటున్నారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి కేక వేస్తున్నారు. మాట కూడా తగ్గిపోయింది.

ఊళ్లోని ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాను. సోడియం 133, పొటాషియం 3.2, క్లోరైడ్ 88, మూత్రపిండాలు మందగిస్తే పెరిగే క్రియాటినిన్ 1.4. మూడు నెలల కిందట క్రియాటినిన్ 1.1 ఉండేది. క్లోరైడ్ 98 నుంచి 107 వరకు ఉండాలని రిపోర్టులోనే రాసి ఉంది. సోడియం, పొటాషియం గురించి డాక్టర్లు చెప్పగా విన్నాను. ఈ క్లోరైడ్ గురించి ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

పక్కింటి పిన్నిగారు "క్లోరైడంటే ఉప్పే కదమ్మా, ఉప్పు మానేసినందుకే ఈ నీరసం" అన్నారు. నిన్నటి నుంచి రెండు పూటలా పెద్ద గ్లాసుతో ఉప్పు మజ్జిగ ఇస్తున్నాను. రెండేళ్లుగా చప్పిడి తిండి తింటున్న మనిషి, ఎంత ఇష్టంగా తాగుతున్నారో చెప్పలేను. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి ఒక సెలైన్ పెడితే లేచి కూర్చుంటారని కూడా అన్నారు. గుండె డాక్టరుగారిని కలిసేది గురువారం. అంతవరకు ఇలా ఇవ్వవచ్చా?

సైకిల్ మాస్టారు (ఆదివారం, రాత్రి 9.58)

అమ్మా, నేను డాక్టరును కాను. నాలుగేళ్లుగా నా గుండె కూడా మీ నాన్నగారి గుండెలాంటిదే కాబట్టి చెబుతున్నాను. గురువారం దాకా ఆగకండి. రేపు ఉదయమే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఈ నాలుగు అంకెలూ చదివి వినిపించండి. సెలైన్ మాత్రం వద్దే వద్దు. నాకు ఒకసారి నీరసమని ఇంటి దగ్గర రెండు సీసాలు ఎక్కించారు. ఆ రాత్రి ఊపిరి ఆడక అంబులెన్స్‌లో వెళ్లాను. ఎంత నీరు లోపలికి పోవచ్చో మనలాంటి వాళ్లకు ఒక లెక్క ఉంటుంది.

రాత్రి డ్యూటీ (ఆదివారం, రాత్రి 10.21)

నేను ఐసీయూలో నర్సుని. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అర లీటరు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దలు రోజు మొత్తంలో 5 గ్రాములకు లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్క సీసా అంటే ఆ రోజు వంతు దాదాపు అయిపోయినట్టే, అదీ నేరుగా నరంలోకి.

మీరు కొన్ని సంగతులు చెప్పాలి. నాన్నగారి బరువు రోజూ చూస్తున్నారా? వాంతులు ఏమైనా అయ్యాయా? బీపీ పడుకున్నప్పుడు ఎంత, నిలబడ్డాక ఎంత? రిపోర్టులో బైకార్బొనేట్ (రక్తంలో ఆమ్లాన్ని సర్దేది) అనే గడి ఉందా?

మామిడాడ అమ్మాయి (ఆదివారం, రాత్రి 10.50)

వాంతులు లేవు. బరువు రాసే పుస్తకం ఉంది, డాక్టరుగారు పెట్టించిన అలవాటే. మాత్ర పెంచిన రోజు 71.2. పదో రోజు 67.5. మొన్న 64.8. ఇవాళ ఉదయం 65.3. పుస్తకం రోజూ రాస్తున్నాను గాని వరసగా ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. బీపీ ఇప్పుడే చూశాను. పడుకుంటే పైది 108, నిలబడ్డాక 86. బైకార్బొనేట్ గడి లేదు. ఎలక్ట్రోలైట్స్ అన్న శీర్షిక కింద మూడే ఉన్నాయి.

పరీక్షనాళిక (ఆదివారం, రాత్రి 11.15)

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మూడే గడులు ఉన్నాయన్న మాట నన్ను కదిలించింది, ఎందుకంటే నేనూ రోజూ అలాంటి రిపోర్టులే ఇస్తాను. చిన్న ల్యాబుల్లో ఉండే యంత్రంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లకు తలా ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది. నమూనా పెడితే నిమిషంలో మూడు అంకెలూ వస్తాయి. బైకార్బొనేట్‌కు వేరే రసాయనమో, రక్త వాయువుల యంత్రమో కావాలి. గొట్టం మూత తీసి ఉంచితే అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి అంకె తగ్గుతుంది. అందుకని చాలామంది ఆ జోలికే పోరు. అలా క్లోరైడ్ ఒక్కటే మిగులుతుంది. జతలో ఒకటి లేకుండా రెండోదాన్ని చదవమన్నట్టు ఉంటుంది.

రక్తంలో ధన విద్యుత్ కణాలు, రుణ విద్యుత్ కణాలు సమానంగా ఉండి తీరాలి. తక్కెడలో ఒక పళ్లెంలో ముఖ్యంగా సోడియం. రెండో పళ్లెంలో క్లోరైడ్, బైకార్బొనేట్, ఇంకా మనం విడివిడిగా కొలవని కొన్ని. సోడియంలోంచి క్లోరైడ్‌ను, బైకార్బొనేట్‌ను తీసేస్తే మిగిలేది మామూలుగా 8 నుంచి 12. దాన్నే యానియన్ గ్యాప్ అంటారు. మీ నాన్నగారి గ్యాప్ మామూలుగా ఉందనుకుంటే, 133లోంచి 88, ఆపైన 11 తీసేయండి. బైకార్బొనేట్ 34 దగ్గర ఉండాలి. మామూలు పరిధి 22 నుంచి 28. ఇది నా ఊహ మాత్రమే, పరీక్షతోనే తేలాలి. రేపు వెళ్లే చోట దీన్ని అడిగి చేయించండి.

ఇంకో మాట. పరిధి కూడా ల్యాబును బట్టి కొద్దిగా మారుతుంది. కొందరు 96 నుంచి 106 అంటారు, కొందరు 98 నుంచి 107. మొన్న 101, ఇవాళ 99 అని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు నాకు రోజూ తగులుతారు. ఆ రెండూ ఒకటే. 88 మాత్రం అలాంటిది కాదు.

నెఫ్రాన్ (సోమవారం, ఉదయం 6.05)

మూత్రపిండాల వైద్యుణ్ణి. మీ నాన్నగారిని చూడకుండా మందులు చెప్పను. కానీ ఏం జరుగుతూ ఉండవచ్చో చెబితే ఈరోజు డాక్టరును ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

క్లోరైడ్ తగ్గడానికి గుండె రోగుల్లో రెండు దారులున్నాయి. మొదటిది, ఒంట్లో నీరు పేరుకుని అన్నీ పలచబడటం. పులుసులో నీళ్లెక్కువైతే ఉప్పు చాలనట్టు తోస్తుంది, కానీ వేసిన ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఇందులో సోడియం, క్లోరైడ్ జంటగా తగ్గుతాయి, బైకార్బొనేట్ పెద్దగా పెరగదు, బరువు పెరుగుతుంది. రెండోది, నీరు తీసే మాత్రతో క్లోరైడ్ నిజంగానే మూత్రంలో పోవడం. ఇందులో సోడియం కొంచెం, క్లోరైడ్ చాలా తగ్గుతాయి, బైకార్బొనేట్ పెరుగుతుంది, బరువు పడిపోతుంది. మీరు రాసిన బరువులు, నిలబడితే పడిపోయే బీపీ, పిక్కలు పట్టడం, పెరిగిన క్రియాటినిన్, అన్నీ రెండో దారినే చూపిస్తున్నాయి.

టోర్సెమైడ్, ఫ్యూరోసెమైడ్ పనిచేసేది మూత్రపిండంలో హెన్లీ వంపు అనే చోట. అక్కడ ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లను ఒకేసారి వెనక్కి లాగే ద్వారం ఉంటుంది. మాత్ర ఆ ద్వారాన్ని మూసేస్తుంది. రెండేసి క్లోరైడ్‌లు అన్న మాట గమనించండి. ఆ తరువాత మరో చిక్కు. ఒంట్లో పేరుకున్న బైకార్బొనేట్‌ను మూత్రంలోకి పంపాలంటే నాళికలోని కొన్ని కణాలు బదులుగా క్లోరైడ్‌ను తీసుకోవాలి. నాళికలో క్లోరైడే లేకపోతే బైకార్బొనేట్ బయటికి పోవడం కుదరదు. రక్తం క్షారం వైపు జరుగుతుంది. వాంతులు ఆగకుండా అయ్యేవారిలోనూ ఇదే జరుగుతుంది, ఎందుకంటే కడుపులోని ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమే.

ఇక గుండె సంగతి. ఆ వంపు చివర మాక్యులా డెన్సా అనే కణాల గుంపు ఉంటుంది. తన ముందునుంచి ఎంత క్లోరైడ్ పోతోందో అది కనిపెడుతూ ఉంటుంది. అందరూ సోడియం అనుకుంటారు గాని దాని చూపు క్లోరైడ్ మీదే. క్లోరైడ్ తక్కువైతే ఒంట్లో నీరు చాలడం లేదని భావించి రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయిస్తుంది. రెనిన్ వెంట యాంజియోటెన్సిన్, దాని వెంట ఆల్డోస్టెరోన్. రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పు, నీరు నిలుస్తాయి, పొటాషియం పోతుంది. బలహీనమైన గుండెకు మనం ఏ వ్యవస్థను తగ్గించాలని సగం మందులు ఇస్తామో, అదే వ్యవస్థ నిద్రలేస్తుంది. చివరికి నీరు తీసే మాత్రే సరిగ్గా పనిచేయని స్థితి వస్తుంది.

2015లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారిని పరిశీలించారు. చేరిననాడు క్లోరైడ్ తక్కువగా ఉన్నవారిలో తరువాతి మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇన్నేళ్లూ మనం భయపడిన తక్కువ సోడియం, క్లోరైడ్‌ను లెక్కలోకి తీసుకోగానే తన ప్రాధాన్యం కోల్పోయింది. అంతకు ముందు 2013లో గ్లాస్గోలో దాదాపు 13 వేల మంది బీపీ రోగుల రికార్డుల్లో కూడా తక్కువ క్లోరైడ్ ఉన్నవారికి ముప్పు ఎక్కువని తేలింది. అయితే ఒక్కటి గట్టిగా చెప్పాలి. తక్కువ క్లోరైడ్ ముప్పుకు గుర్తు. దాన్ని ఉప్పుతో పైకి లాగితే ముప్పు తగ్గుతుందని ఎవరూ నిరూపించలేదు. మజ్జిగలో ఉప్పు ఇవాళే ఆపండి. ఆసుపత్రికి ఈరోజే వెళ్లండి.

మామిడాడ అమ్మాయి (సోమవారం, ఉదయం 6.30)

ఆపేశాను. ఏడు గంటల బస్సుకు కాకినాడ బయలుదేరుతున్నాం. బరువుల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

తార్నాక (సోమవారం, ఉదయం 11.20)

ఈ చర్చ చదివాక మా అమ్మ రిపోర్టు మళ్లీ తీశాను. మాది సరిగ్గా తలకిందులు. అమ్మకు 61, పద్నాలుగేళ్లుగా షుగర్, బీపీకి టెల్మిసార్టాన్. క్రియాటినిన్ 2.1. సోడియం 138, క్లోరైడ్ 112, బైకార్బొనేట్ 15, పొటాషియం 5.6. క్లోరైడ్ ఎక్కువంటే ఉప్పు ఎక్కువ తింటున్నట్టేనా? కానీ మేం నిరుడే మామూలు ఉప్పు మానేసి గుండెకు మంచిదని రాసి ఉన్న ఉప్పు వాడుతున్నాం. వచ్చే నెల డాక్టరును కలవాలి.

పరీక్షనాళిక (సోమవారం, ఉదయం 11.34)

138లోంచి 112, 15 తీస్తే 11. గ్యాప్ మామూలుగానే ఉంది. బైకార్బొనేట్ ఖాళీ చేసిన చోటును క్లోరైడ్ నింపింది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, రిపోర్టు కింద ఆ మాట ఏమైనా రాశారేమో చూడండి. చిట్లినందువల్ల క్లోరైడ్ ఇంతగా మారదు.

నెఫ్రాన్ (సోమవారం, మధ్యాహ్నం 1.10)

తార్నాక గారూ, ఆ ఉప్పు ప్యాకెట్ వెనకవైపు పదార్థాల జాబితా చదివి ఇక్కడ రాయండి. త్వరగా.

తార్నాక (సోమవారం, మధ్యాహ్నం 1.25)

వంటింట్లోనే ఉన్నాను. అక్షరాలు చాలా చిన్నవి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, అయోడిన్. మూడో వరుసలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు సలహాతోనే వాడాలని ఉంది. ఏడాదిగా ఈ ప్యాకెట్లు నేనే తెస్తున్నాను.

నెఫ్రాన్ (సోమవారం, మధ్యాహ్నం 1.48)

మీ తప్పు కాదు. అమ్మకు మంచి జరగాలనే తెచ్చారు. ఇప్పుడు చేయవలసింది ఆ ఉప్పు పక్కన పెట్టడం, కొబ్బరినీళ్లు ఇస్తుంటే ఆపడం, ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి పొటాషియం 5.6, బైకార్బొనేట్ 15 అని చెప్పడం. వచ్చే నెల దాకా ఆగవలసిన అంకెలు కావివి. పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, బహుశా ఈసీజీ తీయమంటారు.

ఆ ఉప్పు అందరికీ చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. చైనా పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ తీవ్రమైన మూత్రపిండ వ్యాధి ఉన్నవారిని ఆ ప్రయోగంలోకి తీసుకోలేదు. పొటాషియాన్ని బయటికి పంపలేని మూత్రపిండాలకు అదే ఉప్పు ప్రమాదం. అలాంటి ఉప్పులో సోడియం తక్కువే గాని, క్లోరైడ్ పెద్దగా తగ్గలేదు, చూశారా.

ఎక్కువ క్లోరైడ్ అంటే ఎక్కువ ఉప్పు అనే లెక్క సాధారణంగా తప్పు. మూత్రపిండం రోజూ తయారయ్యే ఆమ్లాన్ని బయటికి తోయాలి. షుగర్ చాలాకాలం ఉన్నవారిలో కొందరికి రెనిన్, ఆల్డోస్టెరోన్ మందగిస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి మందులు దాన్ని ఇంకొంచెం తగ్గిస్తాయి. మూత్రపిండాలను కాపాడే మందే అయినా ఇలాంటి చోట కనిపెట్టుకుని ఉండాలి. అప్పుడు పొటాషియం, ఆమ్లం రెండూ ఒంట్లోనే నిలిచిపోతాయి. ఆమ్లాన్ని సర్దడానికి బైకార్బొనేట్ ఖర్చవుతుంది, దాని చోట క్లోరైడ్ చేరుతుంది. ఇది ఎక్కువకాలం సాగితే ఎముకలు పలచబడతాయి, కండ కరుగుతుంది, మూత్రపిండం మరింత వేగంగా దెబ్బతింటుంది. టెల్మిసార్టాన్‌ను మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టరు నిర్ణయించాలి.

మూత్రపిండాలు ఇంకా క్షీణించాక మరో విచిత్రం జరుగుతుంది. ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు పేరుకుని గ్యాప్ పెరుగుతుంది. బైకార్బొనేట్ 15 ఉన్నా క్లోరైడ్ 102 అని చక్కగా కనిపిస్తుంది. క్లోరైడ్ బాగుందని ఊరట పడిన రోగులను నేను చాలామందిని చూశాను. నా ఉద్దేశంలో బైకార్బొనేట్ లేని ఎలక్ట్రోలైట్ రిపోర్టు సగం రిపోర్టే.

డల్లాస్ నుంచి (మంగళవారం, ఉదయం 8.15)

సెలైన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నిరుడు మా మామగారికి శస్త్రచికిత్స తరువాత లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కించారు. క్లోరైడ్ 116 దాకా పోయింది, క్రియాటినిన్ పెరిగింది. తరువాత చదివితే తెలిసింది. సెలైన్‌లో లీటరుకు సోడియం 154, క్లోరైడ్ 154. మన రక్తంలో క్లోరైడ్ నూరు చుట్టూ ఉంటుంది. దాన్ని నార్మల్ సెలైన్ అని ఎలా పిలుస్తున్నారు? 2018లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 15,802 మంది ఐసీయూ రోగులతో చేసిన ప్రయోగంలో మరణం, డయాలసిస్, మూత్రపిండాలు కోలుకోకపోవడం కలిపి చూస్తే సెలైన్ వాడినవారిలో 15.4 శాతం, రింగర్ లాక్టేట్ వంటి, క్లోరైడ్ రక్తానికి దగ్గరగా ఉండే సమతుల ద్రవాలు వాడినవారిలో 14.3 శాతం. ఇది తెలిశాక కూడా సెలైన్ ఎందుకు వాడుతున్నారు? నిషేధించాలి.

మత్తు వైద్యుడు (మంగళవారం, ఉదయం 9.02)

మీ బాధ అర్థమైంది. క్లోరైడ్ ఎక్కువగా చేరితే నెఫ్రాన్ గారు చెప్పిన మాక్యులా డెన్సాయే ఈసారి ఎదురుగా స్పందిస్తుంది. మూత్రపిండానికి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని బిగిస్తుంది, వడపోత తగ్గుతుంది. శస్త్రచికిత్స గదిలో పెద్ద మొత్తంలో ద్రవం అవసరమైతే నేనూ రింగర్ లాక్టేట్‌నే ఎంచుకుంటాను, దానిలో క్లోరైడ్ 109.

కానీ నిషేధం మాట ఒప్పుకోను. నాష్‌విల్‌లో కనిపించిన తేడా నూటికి ఒకటి. ఆ తరువాత బ్రెజిల్‌లో 2021లో 11 వేల మందితో, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 2022లో 5 వేల మందితో చేసిన ప్రయోగాల్లో మరణాల్లో తేడా కనిపించలేదు. పైగా బ్రెజిల్ ప్రయోగంలో తలకు దెబ్బ తగిలినవారికి సెలైన్ ఇచ్చినప్పుడే మేలు జరిగింది. ఆగకుండా వాంతులై క్లోరైడ్ పడిపోయిన రోగికి సెలైనే మందు. ఆ రోగికి నిషేధం తెస్తే ఏం ఇవ్వాలి? ఇంకోవైపు, మరణించిన దాతల మూత్రపిండం అమర్చిన 808 మందిలో 2023లో చూస్తే, సెలైన్ వాడినవారిలో 40 శాతం మందికి కొత్త మూత్రపిండం ఆలస్యంగా పని మొదలుపెట్టి డయాలసిస్ అవసరమైంది. సమతుల ద్రవం వాడినవారిలో అది 30 శాతమే. అక్కడ ఇక చర్చ అనవసరం. ఎవరికి, ఎందుకు, ఎంత అన్నదే అసలు ప్రశ్న.

డల్లాస్ నుంచి (మంగళవారం, ఉదయం 9.40)

వాంతుల రోగి సంగతి నేను ఆలోచించలేదు. నిషేధం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సీసాలు వరసగా ఎక్కించేటప్పుడు రోజూ క్లోరైడ్ చూడాలన్న మాట మీదే ఉన్నాను.

మత్తు వైద్యుడు (మంగళవారం, ఉదయం 9.44)

ఆ మాట నాదీ.

ఉద్దానం కొబ్బరి (మంగళవారం, సాయంత్రం 5.30)

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. ఇక్కడ షుగర్, బీపీ లేని నలభై ఏళ్ల రైతుకు కూడా క్రియాటినిన్ 5 వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా అదే. మా పెదనాన్న, ఇద్దరు బాబాయిలు ఇలాగే పోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, దూరాభారం కొంత తగ్గింది. శిబిరాల్లో మాకు క్రియాటినిన్ చూస్తారు. ఈ క్లోరైడ్, బైకార్బొనేట్ సంగతి నేను మొదటిసారి వింటున్నాను. మా వ్యాధికి దీనితో సంబంధం ఉందా?

నెఫ్రాన్ (మంగళవారం, రాత్రి 8.50)

మీ ప్రాంతపు వ్యాధి ముఖ్యంగా దెబ్బతీసేది వడపోత గుచ్ఛాలను కాదు, నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని. అందుకే మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపు రాదు, మనిషికి ఏమీ తెలియదు. ఆమ్లాన్ని తోయడం, క్లోరైడ్, పొటాషియంలను సర్దడం నాళికల పనే. కాబట్టి క్రియాటినిన్ పెరిగిన ప్రతి ఒక్కరికీ బైకార్బొనేట్ కూడా చూడాలని నేను కోరతాను. వ్యాధికి మూలం నీళ్లా, ఎండలో పనా, మరేదైనానా, ఇంకా తేలలేదు. క్లోరైడ్ దానికి కారణమని నేను అనడం లేదు. కానీ ఆమ్లం పేరుకోవడాన్ని సోడా (సోడియం బైకార్బొనేట్) మాత్రలతో సరిచేయవచ్చు, అవి ఖరీదైనవి కావు. మరొకటి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే నొప్పి మాత్రలు మీ ఊళ్లో ఎవరూ వేసుకోకుండా చూడండి.

సైకిల్ మాస్టారు (బుధవారం, ఉదయం 7.20)

డాక్టరు గారూ, సోడా మాత్రలోనూ సోడియమే కదా? బీపీ పెరగదా? ఆవకాయలో ఉప్పు వద్దని నన్ను అన్నేళ్లు ఆపి, మరొకరికి సోడియం మాత్ర ఇస్తారా?

నెఫ్రాన్ (బుధవారం, మధ్యాహ్నం 2.15)

మాస్టారూ, చాలా మంచి ప్రశ్న. 1987లో ఉప్పు తింటే బీపీ పెరిగే ఐదుగురు పురుషులకు ఒకసారి సోడియం క్లోరైడ్, ఒకసారి అంతే సోడియం ఉన్న సోడియం సిట్రేట్ ఇచ్చి చూశారు. మొదటిదానితో బీపీ పెరిగింది, రెండోదానితో పెరగలేదు. ఐదుగురే కాబట్టి దానిమీద కోటలు కట్టలేం గాని, ఉప్పులో సోడియంతో పాటు క్లోరైడ్ పాత్ర కూడా ఉందని అప్పటినుంచీ గుర్తుంది. 5 గ్రాముల ఉప్పులో సోడియం 2 గ్రాములే, మిగిలిన 3 గ్రాములూ క్లోరైడే. అయినా సోడా మాత్రలతో కొందరికి వాపు వస్తుంది. అందుకే కొద్ది మోతాదుతో మొదలుపెట్టి బరువు, బీపీ చూస్తాం. మీ ఆవకాయ విషయంలో మాత్రం నా మాట మారదు.

తార్నాక (బుధవారం, రాత్రి 9.05)

సోమవారం సాయంత్రమే అమ్మను తీసుకెళ్లాను. ఈసీజీ బాగుంది. పొటాషియం మళ్లీ చూస్తే 5.5. ఉప్పు మార్చమన్నారు, మామూలు ఉప్పే కొలిచి వాడమన్నారు. సోడా మాత్రలు రోజుకు మూడు, పొటాషియం తగ్గించే పొడి ఐదు రోజులు. టెల్మిసార్టాన్ మోతాదు సగం చేశారు. ఆ ఉప్పు గురించి చెప్పగానే డాక్టరుగారు కలం పక్కన పెట్టి, ఎన్నాళ్లుగా అని అడిగారు. ఇదివరకు ఎవరూ మమ్మల్ని ఏ ఉప్పు వాడుతున్నారని అడగలేదు. మేమూ చెప్పలేదు.

రాత్రి డ్యూటీ (గురువారం, ఉదయం 6.40)

మామిడాడ అమ్మాయి గారూ, మూడు రోజులైంది. నాన్నగారు ఎలా ఉన్నారు?

మామిడాడ అమ్మాయి (శుక్రవారం, రాత్రి 10.10)

ఆలస్యానికి క్షమించండి. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బైకార్బొనేట్ 34 వచ్చింది. పరీక్షనాళిక గారూ, ఆ కాగితం చేతిలోకి తీసుకోగానే మీరే గుర్తొచ్చారు.

డాక్టరుగారు బరువుల పుస్తకం తిరగేసి, 66 కిలోలకు రాగానే నాకు ఫోన్ చేసి ఉండాల్సింది అన్నారు, కోప్పడకుండానే. అంతకన్నా తగ్గితే ఎండిపోతున్నట్టు, 68 దాటితే నీరు చేరుతున్నట్టు అని అట్ట మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు. టోర్సెమైడ్ మళ్లీ 20కి తగ్గించారు. పొటాషియం క్లోరైడ్ సిరప్ ఇచ్చారు. ఆయనకు కావలసిన క్లోరైడ్ సోడియం లేకుండా అందులోనే దొరుకుతుందని చెప్పారు. గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం తరువాత. మొదటి రోజు నాన్న ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "నీ ఉప్పు మజ్జిగే నయం" అన్నారు. పది రోజుల తరువాత ఆయన నోట విన్న మొదటి పూర్తి వాక్యం అది. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

పొటాషియం సర్దుకున్నాక సిరప్ ఆపి, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్ మాత్ర మొదలుపెడతామన్నారు. ఆ మాత్ర వాడేటప్పుడు తార్నాక గారి ఇంట్లో ఉన్నలాంటి ఉప్పు ముట్టకూడదని నేనే ముందుగా అడిగి నిర్ధారించుకున్నాను.

తార్నాక (శుక్రవారం, రాత్రి 10.25)

ఈ ఒక్క మాట కోసమైనా నేను ఆ ప్యాకెట్ సంగతి ఇక్కడ రాయడం మంచిదైంది.

మామిడాడ అమ్మాయి (తరువాతి గురువారం, సాయంత్రం 6.15)

నిన్నటి రిపోర్టు. సోడియం 136, పొటాషియం 4.3, క్లోరైడ్ 97, బైకార్బొనేట్ 27, క్రియాటినిన్ 1.2. బరువు 66.4. నిలబడ్డాక బీపీ 104. పిక్కలు పట్టడం లేదు. ఇవాళ పొద్దున కాలువ గట్టు దాకా నడిచి వచ్చారు, గోడ పట్టుకోకుండా. క్లోరైడ్ పక్కన ఇంకా 'తక్కువ' అనే ఉంది. డాక్టరుగారు దాన్ని చూసి పరవాలేదన్నారు.

సిరప్ ఆపారు, కొత్త మాత్ర ఇవాళ రాత్రి మొదలు. వారానికి మళ్లీ పొటాషియం చూడాలి. మా ఊరి ల్యాబ్ ఆయనతో మాట్లాడాను. గొట్టం మూత తీయకుండా కాకినాడ పంపి బైకార్బొనేట్ కూడా తెప్పిస్తానన్నారు. బుధవారం ఉదయం ఏడింటికి రక్తం ఇస్తాం. అంకెలు రాగానే ఇక్కడ పెడతాను.